ఒరిజినల్ అమెరికన్ కోసం

టీ తాగుతూ వినండి. మధ్యలో నవ్వొస్తే మాత్రం కప్పు కింద పెట్టేయండి, మొన్న మా ఆయనకి చెబుతుంటే టీ ముక్కులోంచి వచ్చింది. రెండు వారాల కిందట ఆదివారం పొద్దున్న నేను ఎయిర్‌పోర్టుకి ఒక అమెరికన్ని తీసుకురావడానికి వెళ్ళాను. వెళ్ళి, ఆ అమెరికన్ని అక్కడే వదిలేసి, ఇంకెవర్నో బండెక్కించుకుని వచ్చేశానండి. పోనీ తెలియక జరిగిందా అంటే, వదిలేసినావిడ నా పక్కనే నిలబడి "నేనేనండీ ఆ అమెరికన్ని" అని చెబుతూనే ఉంది. నేనే ఒప్పుకోలేదు.

మీకు తెలుసుగా, నేను ఇక్కడ కువైట్లో, సాల్మియాలో ఒక స్కూలు ఆఫీసులో చేస్తాను. అడ్మిషన్ ఫారాలు ఇవ్వడం, ఫోన్లు ఎత్తడం, పిల్లలెవరైనా పడితే ఐసుముక్క పట్టుకుని పరిగెత్తడం, అన్నీ మనమే. ఈ ఏడు మా ప్రిన్సిపల్ మేడమ్ బ్రోషర్ మీద పెద్దక్షరాలతో వేయించారు, "మా స్కూల్లో ఇంగ్లీషు చెప్పేది అమెరికన్ టీచర్" అని. పక్కన బొమ్మ. పసుపుపచ్చ జుట్టు, నీలం కళ్ళు, చేతిలో ఆపిల్ పండు. ఆ బొమ్మ ఇంటర్నెట్లోంచి తీసింది. అసలు టీచర్ని అప్పటికి స్కూల్లో ఎవరూ చూడలేదు. ఇంటర్వ్యూ ఫోన్లోనే అయిపోయింది. పాస్‌పోర్టు కాపీలన్నీ వీసా పేపర్ల పని చూసే మందూబ్ దగ్గర ఉన్నాయి, ఆయన సెలవు మీద వాళ్ళ ఊరెళ్ళాడు.

శనివారం సాయంత్రం మేడమ్ ఫోన్ చేశారు, ఇక్కడ ఆదివారమే స్కూళ్ళు తెరిచే రోజు కదా.

"రమణీ, రేపు ఆరింటికి మిస్ నోరా దిగుతుంది. ఓబులేసుని తీసుకుని నువ్వే వెళ్ళు. తిన్నగా అసెంబ్లీకి తీసుకొచ్చెయ్, పిల్లలందరి ముందూ పరిచయం చేద్దాం."

"ఫొటో ఏదైనా ఉందా మేడమ్?"

"అమెరికన్ని గుర్తుపట్టడానికి ఫొటో ఎందుకు రమణీ?"

నాకూ నిజమేననిపించింది. పదకొండేళ్ళ నుంచి కువైట్లో ఉంటున్నాను. మలయాళీ ఎవరో, ఫిలిప్పీన్స్ అమ్మాయి ఎవరో, ఈజిప్టు ఆయన ఎవరో, మాట్లాడకముందే వెనకనుంచి నడక చూసి చెప్పేస్తానని నాకో నమ్మకం. 

ఓబులేసంటే మా స్కూలు వ్యాన్ డ్రైవరు. కడప జిల్లా మనిషి. ముందు ఒక కువైటీ ఇంట్లో డ్రైవరుగా చేసి, తర్వాత మా దగ్గర చేరాడు. నన్ను అక్కా అంటాడు. పొద్దున్నే రిగ్గైలో మా బిల్డింగు కింద హారన్ కొట్టాడు. దారిలో అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో "అకాడమీ, మిస్ నోరా" అని ఇంగ్లీషులో రాశాను. మా స్కూలు పేరు పొడుగు, అట్ట చిన్నది. అందుకని చివరి మాటొక్కటే పట్టింది. కువైట్లో సగం బోర్డుల మీద అకాడమీ అని ఉంటుందన్న సంగతి అప్పుడు తట్టలేదు.

ఎయిర్‌పోర్టులో జనం బయటికొస్తున్నారు. ఓబులేసు ఒక చివరా నేనొక చివరా అట్ట పట్టుకున్నాం. పది నిమిషాలు కాగానే ఒకావిడ ట్రాలీ తోసుకుంటూ తిన్నగా మా దగ్గరికి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. జీన్సు, బూడిద రంగు స్వెట్టరు, తలకి నీలం స్కార్ఫు చుట్టుకుంది. అచ్చం మా పై ఫ్లాట్ సిరియా వాళ్ళ కోడల్లా ఉంది. నవ్వి, "హాయ్, నోరాని నేనే. మీరు నాకోసమే చూస్తున్నారనుకుంటా" అంది ఇంగ్లీషులో.

నేను కూరల మార్కెట్లో నేర్చుకున్న అరబిక్ బయటికి తీశాను. "లా, లా. అమ్రీకియా." కాదమ్మా, అమెరికన్ ఆవిడ కోసం అని.

"అవును, ఆ నోరాని నేనే, అమెరికన్నే. నాకు అరబిక్ అంత బాగా రాదు. ఇంగ్లీషులో మాట్లాడదామా?"

అరబ్బావిడకి అరబిక్ రాదట. నాకు నవ్వొచ్చింది. అమెరికాలో నాలుగేళ్ళు చదువుకుని వచ్చి, నీళ్ళు కూడా ఇంగ్లీషులోనే అడిగేవాళ్ళు ఇక్కడ బోలెడుమంది. ఈవిడ ఆ రకం అనుకున్నాను. ఓపిగ్గా చెప్పాను, "అలా కాదు మేడమ్. మేము అమెరికన్ కోసం చూస్తున్నాం. ఒరిజినల్ అమెరికన్."

ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. కోపం రాలేదు. పైగా ఏదో బాగా తెలిసిన చుట్టాన్ని చూసినట్టు చూసింది.

"ఓ, ఒరిజినలా. అయితే నేనూ ఇక్కడే నిలబడతాను. నాకూ చూడాలనుంది."

అని నిజంగానే ట్రాలీ మీద మోచేతులు పెట్టుకుని నా పక్కన నిలబడింది. "ఆవిడ ఎలా ఉంటుంది?" అని అడిగింది. నేను బ్రోషర్ బొమ్మని తలుచుకుని, పొడుగ్గా ఉంటుందండీ, పసుపు జుట్టండీ అని వర్ణించాను. ఆవిడ శ్రద్ధగా విని తలూపింది.

ఓబులేసు తెలుగులో గొణిగాడు. "అక్కా, ఈయమ్మ తన పేరే నోరా అంటాండాది గదా. ఒకమాటు పాస్‌పోర్టు అడిగి సూడరాదా?"

"నువ్వూరుకో ఓబులేసూ. బోర్డు మీద ఎవరి పేరుంటే వాళ్ళమని చెప్పుకునేవాళ్ళు చాలామంది ఉంటారు."

అలా ఎందుకు చెప్పుకుంటారో, స్కూలు వ్యాన్ ఎక్కడానికి అబద్ధమాడాల్సిన ఖర్మ ఎవరికుంటుందో నన్నడక్కండి. 

అంతలో తలుపు తెరుచుకుంది. పొడుగ్గా, పసుపు జుట్టు జడేసుకుని, గులాబీ రంగు ట్రాక్ సూటులో ఒక తెల్లావిడ బయటికొచ్చింది. నా పక్కనున్నావిడ మొహంలో ఏ భావమూ లేకుండా, "అదిగోండి, మీ ఒరిజినల్ వచ్చేసింది" అని వేలు చూపించింది.

నేను పరిగెత్తాను. "మిస్ నోరా? అకాడమీ?"

ఆ తెల్లావిడ అట్ట వైపు చూసింది. "అకాడమీ. యెస్, యెస్" అంది.

అంతే. ఒక సూట్‌కేసు ఓబులేసు, ఒక సూట్‌కేసు నేను లాక్కుని బయల్దేరాం. వెనక్కి తిరిగి చూస్తే నీలం స్కార్ఫావిడ నోరు తెరిచి అలాగే నిలబడి ఉంది. పాపం, ఎప్పుడూ ఒరిజినల్ని చూసి ఉండదు అనుకున్నాను.

వ్యాన్లో మర్యాదకి మాటలు కలిపాను.

"అమెరికా ఎలా ఉంది మేడమ్?"

"యెస్."

"మీది ఏ స్టేటండీ?"

"గుడ్."

ఓబులేసు అద్దంలోంచి నా వైపు చూశాడు. "అక్కా, ఈయమ్మకు ఇంగ్లీషు వస్తాదంటావా?"

"అమెరికన్ యాస అలాగే ఉంటుంది. మనకి అర్థం కాదు."

కాసేపటికి ఆవిడే నన్నడిగింది, "జిమ్? జిమ్ ఎక్కడ?" అని.

నేను ఆలోచించాను. అమెరికా వాళ్ళలో జిమ్ అనే పేరుంటుంది కదా. భర్త అయ్యుంటాడు. ఇంటర్వ్యూలో పెళ్ళి కాలేదని చెప్పి ఉంటుంది, మనకెందుకు. "జిమ్ తర్వాత వస్తాడు మేడమ్" అన్నాను.

"జిమ్ పెద్దదా?"

"నేను చూడలేదండి" అన్నాను. ఆవిడ తృప్తిగా సీటుకి చేరగిలబడి కళ్ళు మూసుకుంది.

స్కూలు దగ్గర ఏర్పాట్లు చూడాలి మీరు. పిల్లలంతా వరసలు కట్టి ఉన్నారు. మేడమ్ పట్టుచీర కట్టుకుని, బొకే పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. తెల్లావిడ దిగగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. నా భుజం తట్టి, "చూశావా, ఫొటో కావాలన్నావు" అన్నారు. నలుగురైదుగురు తల్లులు ఫోన్లు తీసి ఫొటోలు కొట్టేశారు. రెండు నిమిషాల్లో పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పడిపోయాయి, కింద వరసగా గుండె బొమ్మలు.

మేడమ్ పరిచయం చేసి మైకు చేతికిచ్చారు. "పిల్లలకి మీ అమెరికన్ ఇంగ్లీషులో నాలుగు మాటలు చెప్పండి."

తెల్లావిడ మైకు వైపు చూసింది, పిల్లల వైపు చూసింది. గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "గుడ్ మార్నింగ్. హ్యాండ్స్ అప్" అంది.

పిల్లలంతా చేతులెత్తారు.

"డౌన్. అప్. డౌన్. బ్రీత్."

పిల్లలంతా ఊపిరి పీల్చారు. టీచర్లు కూడా. తర్వాత మైకు స్టాండుకి పెట్టేసి, వీపు నిటారుగా పెట్టి గుంజీలు మొదలుపెట్టింది. స్టేజీ మీద మేడమ్‌కి ఏం చేయాలో తెలియలేదు. అందరూ చేస్తుంటే ఊరుకుంటే బాగోదని, పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని సగం దాకా దిగారు. సగంలో ఆగి, నా వైపు తిరిగి, "కొత్త మెథడ్" అన్నారు, ఆయాసపడుతూ.

నేను నా కౌంటర్‌కి వెళ్ళిపోయాను. ఆదివారం కదా, అడ్మిషన్ల కోసం వచ్చిన తల్లిదండ్రులు బెంచీల మీద కూర్చుని ఉన్నారు. టోకెన్లు ఇస్తున్నాను. తల దించుకుని "నెక్స్ట్" అంటే, ఎదురుగా నీలం స్కార్ఫు. వెనకాల రెండు పెద్ద సూట్‌కేసులు. ట్యాక్సీ దొరకడానికి చాలాసేపు పట్టినట్టుంది, మొహం వాడిపోయింది.

నాకు ఏమనిపించిందో నిజం చెబుతాను, తిట్టుకోండి. ఈవిడ ఎయిర్‌పోర్టులో మా అమెరికన్ టీచర్ని చూసి, వెంటనే తన పిల్లని చేర్పించడానికి వచ్చేసిందనుకున్నాను. మన స్కూలుకి ఎంత పేరొచ్చేసిందో అని గర్వపడ్డాను కూడా.

"అడ్మిషనా మేడమ్?" అని ఫారం చేతికిచ్చాను. "టోకెన్ నంబర్ పద్నాలుగు. నింపి ఇవ్వండి."

ఆవిడ ఫారం వైపు చూసింది, నా వైపు చూసింది. "పెన్ను ఉందా?" అని అడిగింది. ఇచ్చాను. బెంచీ మీద ఇద్దరు తల్లుల మధ్య కూర్చుని, పరీక్ష రాసినట్టు బుద్ధిగా రాసి ఇచ్చింది. నేను చదవకుండా మిగతా ఫారాలతో కలిపి స్టేపుల్ కొట్టి మేడమ్ రూముకి పట్టుకెళ్ళాను.

అక్కడ తెల్లావిడ కుర్చీలో కూర్చుని ఖర్జూరాలు తింటోంది. మేడమ్ రిజిస్టర్ నా వైపు తిప్పారు. "రమణీ, మిస్ నోరా ఇక్కడ లారిసా అని సంతకం పెట్టిందేమిటి?"

"మిడిల్ నేమ్ అయ్యుంటుంది మేడమ్" అన్నాను.

మేడమ్ సరేనని ఫారాలు తిరగేశారు. ఒకటి, రెండు. మూడో దాని దగ్గర ఆగిపోయారు. కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, పైకి చదవడం మొదలుపెట్టారు.

"విద్యార్థి పేరు, నోరా. వయసు, ముప్పై ఒకటి. ఏ క్లాసులో చేరదలిచారు, స్టాఫ్ రూమ్. మాతృభాష, ఇంగ్లీషు, దయచేసి మా అమ్మకి చెప్పవద్దు. ఇంతకుముందు చదివిన స్కూలు, అమెరికా, ఓహైయో. టీసీ తెచ్చారా, లేదు, అక్కడ నన్ను వెళ్ళిపొమ్మన్నవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ రాసివ్వమంటే ఎవరూ ఇవ్వలేదు. గుర్తింపు చిహ్నాలు..."

మేడమ్ ఫారం కళ్ళకి ఇంకా దగ్గరగా పెట్టుకున్నారు.

"గుర్తింపు చిహ్నాలు, అమెరికన్. కానీ పైకి కనిపించదు."

లారిసా ఇంకో ఖర్జూరం తీసుకుంది.

"ఈ మనిషి ఎక్కడుంది?" అన్నారు మేడమ్.

"టోకెన్ నంబర్ పద్నాలుగు మేడమ్. ఇప్పుడు పదకొండు నడుస్తోంది."

ఆ చూపుకే నేను బయటికి పరిగెత్తి నోరాని లోపలికి తీసుకొచ్చాను. అదే సమయానికి లారిసా హ్యాండ్‌బ్యాగులోంచి ఒక కాగితం తీసి టేబుల్ మీద పెట్టింది. మహబూలాలో ఎక్కడో కొత్తగా పెట్టిన ఆడవాళ్ళ వ్యాయామశాల వాళ్ళిచ్చిన ఉద్యోగం కాగితం. పేరు చివర అకాడమీ. జిమ్ ఎవరో అప్పటికి నాకు అర్థమైంది.

మేడమ్ ఒకసారి నోరా వైపు చూశారు. ఒకసారి లారిసా వైపు చూశారు. ఫోన్లో వాట్సాప్ గ్రూపు టింగు టింగుమంటోంది, "మా పాప చాలా హ్యాపీ", "రియల్ అమెరికన్ మేడమ్, థాంక్యూ" అని. మేడమ్ నెమ్మదిగా అన్న మాట మీరు నమ్మరు.

"రమణీ... ఈ లారిసాకి ఇంగ్లీషు బొత్తిగా రాదంటావా? కొంచెం నేర్పిస్తే?"

హిందీలోనే అన్నారనుకోండి. కానీ ఎవరి గురించి మాట్లాడుతున్నారో చూపు చెప్పేస్తుంది కదా. నోరాకి అర్థమైపోయింది.

"ఆమెకి 'హ్యాండ్స్ అప్' వచ్చు మేడమ్, గేటు దగ్గర విన్నాను" అంది. "మా ఇంట్లో అందరం ఎయిర్‌పోర్టుల్లో ముందుగా నేర్చుకున్న ఇంగ్లీషు అదే. దాంతో చాలాకాలం నెట్టుకురావచ్చు."

మేడమ్ నవ్వలేదు. కోపం నా మీదికి తిరిగింది, ఈసారి ఇంగ్లీషులోనే. "ఇదంతా నీ మూలంగా. ఆవిడ తనే నోరా అని చెప్పలేదా నీకు?"

"చెప్పిందండి."

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లండి. రెండోసారి తర్వాత ఒరిజినల్ కావాలన్నాను."

"నీ ఇఖామా ఈ స్కూలు మీదే ఉంది, గుర్తుందా?"

ఇఖామా పోతే దేశంలో ఉండే హక్కే పోతుంది. నా పని ఖలాస్ అనుకున్నాను. అప్పుడు నోరా కల్పించుకుంది.

"మేడమ్, సగం తప్పు నాది. ఆ వచ్చే అమ్మాయే మీ మనిషి అని వేలు చూపించింది నేను. ఆమె కాదంటుంది, వీళ్ళు నా వైపు తిరుగుతారు, ముగ్గురం నవ్వుకుంటాం అనుకున్నాను. ఆమె యెస్ అంది. అప్పుడు నాకే అనుమానం వచ్చింది, నేను నోరానేనా అని. తేరుకునేసరికి వీళ్ళు వెళ్ళిపోయారు."

మేడమ్ కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. తర్వాత, "గురువారం పేరెంట్స్ మీటింగులో ఈ సంగతి నువ్వే చెబుతావు రమణీ. మైకులో" అన్నారు. ఉద్యోగం అప్పటికి నిలబడిందనే అనుకున్నాను. కానీ మైకు అనగానే, ఉద్యోగం పోయినా బాగుండేదనిపించింది.

లారిసాని మహబూలాలో దించి, నోరాని స్టాఫ్ క్వార్టర్‌కి చేర్చే పని మళ్ళీ మాకే పడింది. వ్యాన్లో ముగ్గురం ఆడవాళ్ళం. లారిసా ఫోన్లో వాళ్ళ భాషలో ఏదో మాట్లాడితే అది ఇంగ్లీషులోకి మార్చి చదివింది. "చాలా మంచి జిమ్. పిల్లలు బలంగా ఉన్నారు. పెద్దావిడ మోకాళ్ళు బలహీనం."

జిమ్ వాళ్ళు గేటు దగ్గరే ఎదురుచూస్తున్నారు. లారిసా దిగేటప్పుడు మమ్మల్నిద్దర్నీ కౌగిలించుకుంది. 

వ్యాన్ మళ్ళీ బయల్దేరింది. నాకు సిగ్గుగా ఉంది. "సారీ అండీ" అన్నాను.

నోరా కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ అంది, "నేను పుట్టింది ఓహైయోలో చిన్న ఊళ్ళో. ఊరి మొత్తానికి అరబ్బుల ఇల్లు మాదొక్కటే. స్కూలు డ్రామాలో ఒంటె వచ్చిందంటే ఆ వేషం నాకే. టీచరు, 'నీకు అలవాటు కదా' అనేది. నేను ఒంటెని మొదటిసారి చూసింది వాళ్ళతో కలిసి వెళ్ళిన జూలోనే."

ఓబులేసు ఫక్కున నవ్వి, వెంటనే దగ్గాడు.

"నవ్వండి, పరవాలేదు" అంది నోరా. వాళ్ళ నాన్నకి కారు టైర్ల షాపట. ఎవరైనా వచ్చి 'మీ దేశం పో' అంటే, ఆయన గడియారం చూసి, 'ఆరింటికి షాపు మూస్తాను, అప్పుడు ఇంటికి వెళ్తాను. ఈలోపు మీ టైరు చూడమంటారా, గాలి తగ్గినట్టుంది' అనేవాడట. ఎయిర్‌పోర్టుకి వెళ్ళాలంటే ఆయన పెళ్ళినాటి సూటు వేసుకునేవాడట, మర్యాదస్తుడిలా కనిపిస్తే వదిలేస్తారేమోనని. ఎప్పుడూ వదల్లేదట. సోదా కోసం ఎవర్ని పక్కకి పిలుస్తారో అని అన్నదమ్ములూ ఈవిడా చాక్లెట్లు పందెం వేసుకునేవాళ్ళట. "నాన్న మీద వేస్తే ఎప్పుడూ గెలిచేదాన్ని" అంది.

చెబుతూ చెబుతూ ఒకచోట ఆగింది. "ఇక్కడికి వచ్చేటప్పుడు విమానంలో ఏమనుకున్నానో తెలుసా? అందరూ నాలాగే ఉండే చోటికి వెళుతున్నాను, ఒక్కరు కూడా నావైపు రెండోసారి చూడరు అని. దిగి పావుగంట కాలేదు, మీరు తగిలారు."

నాకు తెలిసిన ఒక్క విషయం చెప్పాను. "మీకు చెప్పలేదు గానీ, నేను బీకామ్ చదివానండి. మాల్‌కి చీర కట్టుకుని వెళితే, నెలకి కనీసం ఒకావిడ నా చేయి పట్టుకుని ఆపి, మా ఇంట్లో పనికి వస్తావా అని అడుగుతుంది. ఆ రోజంతా నాకు ఒళ్ళు మండుతుంది. ఇంటికొచ్చి మా ఆయన మీద అరుస్తాను. అలాంటిదాన్ని నేనే మీకు ఇలా చేశాను."

"మీరు ఆవిడకి ఏం చెబుతారు?"

"ఏమీ చెప్పనండి. ఇంటికొచ్చాక ఏం చెప్పాల్సిందో తడుతుంది."

నోరా అప్పుడు పెద్దగా నవ్వింది. "నాకూ మొదట్లో అంతే. ఇంట్లో అద్దం ముందు నిలబడి ప్రాక్టీసు చేసేదాన్ని. మీరూ చేయండి. రేటు చెప్పండి, ఆవిడ జీతం కంటే ఎక్కువ చెప్పండి."

ముందు సీట్లోంచి ఓబులేసు అందుకున్నాడు. "పొద్దన్నే నేను సెప్తే ఇనింటే ఇంత కత లేకపాయ గదక్కా."

గురువారం వచ్చింది. హాలు నిండా తల్లిదండ్రులు. మేడమ్ సైగ చేశారు. నేను మైకు దగ్గరికి వెళ్ళాను. "ఆదివారం మీరు చూసినావిడ అమెరికన్ టీచర్ కాదండి. వేరే మనిషి. నేను పొరపాటున తీసుకొచ్చాను. అసలు టీచర్ వీరు" అని ఒక్క ఊపులో చెప్పేసి పక్కకి వచ్చేశాను.

హాల్లో గుసగుసలు. వెనక వరసలోంచి ఒకాయన లేచాడు. మనవాడే, ఆయిల్ కంపెనీలో ఇంజనీరు. ఇంగ్లీషులో అడిగాడు, "మేడమ్, తప్పుగా అనుకోకండి. మీరు ఎక్కడినుంచి వచ్చారు?"

"ఓహైయో" అంది నోరా.

"అది సరే. అంతకుముందు?"

"అంతకుముందు మా అమ్మ కడుపులో ఉన్నాను. అది కూడా ఓహైయోలోనే."

ముందు ఎవరో ఒక తల్లి నవ్వింది. తర్వాత హాలంతా నవ్వింది. ఆ ఇంజనీరూ నవ్వి కూర్చున్నాడు. నోరా అంది, "మీకు అనుమానం రావడం సహజమే. బ్రోషర్ మీద ఉన్న అమ్మాయి నేను కాదు. కానీ నాలుగు రోజులుగా మీ పిల్లలకి పాఠం చెబుతున్నది నేనే. బొమ్మని అడక్కుండా వాళ్ళని అడగండి."

ఒక చిన్నపిల్ల, రెండో క్లాసు, వాళ్ళమ్మ ఒళ్ళోంచి గట్టిగా అంది, "ఈ మిస్ చెప్పేది అర్థమవుతుంది. ఆ మిస్ కాళ్ళు నొప్పులు పుట్టించింది." దాంతో మీటింగు అయిపోయినట్టే. ఆదివారం స్కూలు తెరవగానే మేడమ్ బ్రోషర్ మీంచి ఆ బొమ్మ తీయించేశారు. ఆపిల్ పండు ఒక్కటీ ఉంచారు.

ఇక అసలు సంగతి నిన్నటిది. నిన్న శుక్రవారం, సెలవు కదా, నోరాని మా ఇంటికి భోజనానికి పిలిచాను. పెసరట్టు వేసి, అల్లం పచ్చడి పెట్టాను. మా ఆయనతో బాగా కబుర్లు చెప్పింది. తింటూ తింటూ ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది, అట్టు ముక్క చేతిలోనే ఉండిపోయింది.

"ఏమైందండీ?" అన్నాను.

"మీ గురించే. ఆదివారం సంగతంతా ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. మా పక్కింట్లో ఒక ముసలావిడ ఉంటుంది, నాకు చిన్నప్పుడు పియానో నేర్పింది. తొంభై ఏళ్ళుంటాయి, ఊరు దాటి ఎప్పుడూ వెళ్ళలేదు. మా అమ్మ ఆవిడకి చెప్పింది, నోరాని ఎయిర్‌పోర్టులో ఒక ఇండియన్ ఆవిడ వదిలేసి వెళ్ళిపోయిందని."

"అయితే?"

"ఆవిడ చాలా బాధపడిందట. బాధపడి, ఇండియన్ ఆవిడ గుర్రం మీద వచ్చిందా, బండిలో వచ్చిందా అని అడిగిందట."

నాకు అర్థం కాలేదు. అప్పుడు నోరా ఫోన్లో ఒక బొమ్మ తీసి చూపించింది. అమెరికాలో తెల్లవాళ్ళు రాకముందు నుంచీ ఉన్న జనాన్ని కూడా అక్కడ ఇండియన్లు అనే అంటారట. ఆ బొమ్మలో ఒకాయన గుర్రమెక్కి, తలనిండా పొడుగాటి పక్షి ఈకలు కట్టుకుని, గంభీరంగా చూస్తున్నాడు.

అంటే ఏమిటన్నమాట, ఇప్పుడు ఓహైయోలో ఒక ముసలమ్మ మనసులో, కోనసీమ రమణి తలకి ఈకలు కట్టుకుని, కువైట్ ఎయిర్‌పోర్టులో గుర్రం మీద కూర్చుని, అట్ట పట్టుకుని ఉంది.

"మా అమ్మకి ఫోన్ చేసి సరిచేయమని చెబుతానులెండి" అంది నోరా కళ్ళు తుడుచుకుంటూ.

వద్దన్నానండి. అలా ఉండను, అసలు ఇండియన్ని నేనేనని ఏ మొహం పెట్టుకుని చెప్పను. ఈకలు ఏ రంగువో మాత్రం కనుక్కోమన్నాను.